విదేశాంగ విధానంలో కర్తవ్య నీతి

ఇతర దేశాలతో వ్యవహరించేటప్పుడు కొన్ని పనులు నష్టమొచ్చినా చేసి తీరాలనీ, కొన్ని ఎంత లాభమున్నా చేయకూడదనీ చెప్పే ఆలోచనా ధోరణిని విదేశాంగ విధానంలో కర్తవ్య నీతి అంటారు. ఇచ్చిన మాట తప్పకపోవడం, దూతకు హాని తలపెట్టకపోవడం, యుద్ధంలోనైనా నిరాయుధులను చంపకపోవడం, పరాయి దేశపు లోపలి వ్యవహారాల్లో వేలు పెట్టకపోవడం, సామూహిక హననాన్ని చూస్తూ ఊరుకోకపోవడం ఇందులో ముఖ్యమైనవి. తత్వశాస్త్రంలో ఈ నీతి జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయెల్ కాంట్ (1724–1804) పేరుతో ముడిపడింది. రాజ్యాల మధ్య ధర్మం గురించిన చింతన మాత్రం అంతకు చాలా ముందే అశోకుడి శాసనాల్లో, అర్థశాస్త్రంలో, మహాభారతంలో కనిపిస్తుంది. ఆధునిక కాలంలో అది అంతర్జాతీయ న్యాయసూత్రాల్లోకీ, భారత రాజ్యాంగం 51వ అధికరణంలోకీ చేరింది.

భావన

ఒక పని మంచిదో చెడ్డదో దానివల్ల కలిగే మేలుకీడులను బట్టి తేల్చేది ఫలితవాదం. పని స్వభావాన్ని, దాని వెనుక ఉన్న సూత్రాన్ని బట్టి తేల్చేది కర్తవ్యవాదం. కాంట్ దృష్టిలో ఒక సూత్రం నైతికమైనదా కాదా అని పరీక్షించడానికి రెండు ప్రశ్నలు వేసుకోవాలి. అందరూ అదే సూత్రాన్ని పాటిస్తే నాకు సమ్మతమేనా? నేను ఎదుటి మనిషిని కేవలం నా పని సాధించుకునే పరికరంగా వాడుకుంటున్నానా?

1785లో వెలువడిన తన నీతిగ్రంథంలో కాంట్ ఒక దుకాణదారు ఉదాహరణ ఇచ్చాడు. బేరమాడడం తెలియని చిన్నపిల్ల వచ్చినా ఆ దుకాణదారు ఎక్కువ ధర చెప్పడు. అది ధర్మబుద్ధా, లేక నిజాయితీపరుడన్న పేరుంటే నాలుగు బేరాలు ఎక్కువ తగులుతాయన్న తెలివా? బయటినుంచి చూసేవారికి రెండూ ఒకేలా ఉంటాయి. న్యాయంగా అమ్మితే నష్టం వచ్చే రోజున అతను ఏం చేస్తాడన్నది చూస్తే తప్ప తేడా తెలియదు. రాజ్యాల నీతిని అంచనా వేయడంలో ఉన్న చిక్కంతా ఈ చిన్న ఉదాహరణలో ఉంది.

కర్తవ్యాలలో రెండు రకాలున్నాయి. 'చంపకు', 'మాట తప్పకు' వంటి నిషేధాలకు మినహాయింపు లేదు. ఎవరు, ఎవరి పట్ల, ఎప్పుడు పాటించాలో స్పష్టం. 'ఆపదలో ఆదుకో' వంటి విధులు అలా కావు. ఎంత సహాయం, ఎవరికి ముందు, ఎంతవరకు అన్నది చేసేవారి విచక్షణకే వదిలినట్టు ఉంటుంది. బ్రిటిష్ తత్వవేత్త డబ్ల్యూ.డి. రాస్ 1930లో మరో సవరణ చేశాడు. మాట నిలబెట్టుకోవడం, చేసిన తప్పు దిద్దుకోవడం, కృతజ్ఞత, న్యాయం, పరోపకారం, హాని చేయకపోవడం వంటివన్నీ కర్తవ్యాలే. రెండు ఢీకొన్నప్పుడు ఆ సందర్భంలో ఏది బరువైనదో ఆలోచించి తేల్చుకోవాలంటాడు. విదేశాంగ విధానంలో తరచు ఎదురయ్యేది ఇలా రెండు కర్తవ్యాలు ఢీకొనే పరిస్థితే.

ప్రాచీన మూలాలు

కర్నూలు జిల్లాలో గుత్తికి చేరువలో ఉన్న ఎర్రగుడి బండల మీద మౌర్య చక్రవర్తి అశోకుడి పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కి ఉన్నాయి. వాటిలో 13వది కళింగ యుద్ధం గురించినది. లక్షన్నర మందిని చెరపట్టి తరలించారనీ, లక్ష మంది హతులయ్యారనీ, అంతకు ఎన్నో రెట్లు ఆ తరువాత చనిపోయారనీ గెలిచిన రాజే అందులో ఒప్పుకున్నాడు. ఇకపై ధర్మ విజయమే అసలైన విజయమన్నాడు. సరిహద్దులకు ఆవలి యవన రాజులను, దక్షిణాన చోళ పాండ్యులను ప్రస్తావించాడు. ఆంధ్రుల పేరు కూడా ఈ శాసనంలో వస్తుంది. అయితే అదే శాసనం అడవి జాతులను మందలిస్తుంది: పశ్చాత్తాపం ఉన్నా శిక్షించే శక్తి తనకు ఇంకా ఉందని గుర్తు చేస్తుంది. కర్తవ్యాన్ని ప్రకటించిన రాజ్యం కూడా దండాన్ని వదిలిపెట్టలేదన్నమాట.

కౌటిల్యుడు నీతికి ఎడంగా నిలిచిన వ్యూహకర్త అని పేరుపడ్డాడు. 1905లో మైసూరులో దొరికిన అర్థశాస్త్ర ప్రతిని ఆర్. శామశాస్త్రి 1909లో ప్రచురించాక, సంధి, విగ్రహం, ఆసనం, యానం, సంశ్రయం, ద్వైధీభావం అనే ఆరు విధానాలే ఎక్కువ ప్రచారంలోకి వచ్చాయి. కానీ ఏడవ అధికరణంలో ఒక ఆసక్తికరమైన చర్చ ఉంది. సత్యం మీద, ప్రమాణం మీద నిలిచిన సంధి నమ్మరానిదనీ, బందీలను పూచీగా పెట్టుకున్న సంధే స్థిరమనీ పూర్వాచార్యులు అన్నారు. కౌటిల్యుడు దాన్ని తిరగేశాడు. మాట మీది సంధి ఇహపరాలు రెండింటికీ కట్టుబడినది, పూచీ మీది సంధి బలం ఉన్నంతకాలమే నిలుస్తుందని అతని వాదన. దూత చెప్పేది తన రాజు మాటే కాబట్టి అతన్ని చంపరాదన్న నియమమూ అర్థశాస్త్రంలో ఉంది.

తెలుగు శ్రోతలకు ఈ దూత ధర్మం పురాణ కథల ద్వారానే పరిచయం. హనుమంతుణ్ణి చంపమన్న రావణుడికి విభీషణుడు అడ్డు చెప్పడం, రాయబారానికి వచ్చిన కృష్ణుణ్ణి దుర్యోధనుడు బంధించబోవడం ఈ ఒక్క సూత్రానికి ఇటూ అటూ నిలిచే కథలు. తిక్కన ఉద్యోగపర్వం నుంచి తిరుపతి వేంకట కవుల నాటకం దాకా రాయబార ఘట్టానికి ఉన్న ఆదరణకు పద్యాలతో పాటు ఈ ధర్మసంకటం కూడా కారణమే. అదే నియమం 1961 నాటి వియన్నా దౌత్య సంబంధాల ఒడంబడికలో అంతర్జాతీయ చట్టమైంది.

కాంట్ శాంతి ప్రణాళిక

1625లో డచ్చి న్యాయవేత్త హ్యూగో గ్రోషియస్ యుద్ధ, శాంతి నియమాల మీద గ్రంథం రాసి, రాజ్యాలు కూడా చట్టానికి కట్టుబడి ఉండాలన్న వాదానికి పునాది వేశాడు. 1795లో కాంట్ శాశ్వత శాంతి మీద చిన్న పుస్తకం వెలువరించాడు. ఒక డచ్చి పూటకూళ్ల ఇంటి బోర్డు మీద శ్మశానం బొమ్మ కింద ఆ మాటలే రాసి ఉన్నాయంటూ చమత్కారంగా మొదలుపెడతాడు. తరువాత వచ్చే ఆరు ప్రాథమిక నిబంధనలు నిషేధాలే. మళ్లీ యుద్ధానికి గుట్టుగా సాకు దాచిపెట్టుకుని సంధి చేయరాదు. ఒక రాజ్యాన్ని కొనడం, బహుమతిగా పొందడం కూడదు. యుద్ధాలకోసం అప్పులు చేయకూడదు. మరో రాజ్యపు పాలనా వ్యవస్థలో బలవంతంగా జోక్యం చేసుకోరాదు. హంతకులను, విషప్రయోగాలను వాడి రేపటి నమ్మకాన్ని నాశనం చేయరాదు. స్థిర సైన్యాలను క్రమంగా రద్దు చేయాలి.

మూడవ ముఖ్య నిబంధన విదేశీయుడి అతిథి హక్కు గురించినది. వచ్చినవాణ్ణి శత్రువుగా చూడరాదు, వచ్చినవాడికి స్థిరపడి ఆక్రమించే హక్కూ లేదు. ఇక్కడే కాంట్ యూరోపియన్ రాజ్యాలను తీవ్రంగా విమర్శించాడు. హిందూస్థానంలో వర్తక స్థావరాల పేరు చెప్పి సైన్యాలను దింపారనీ, జనాన్ని పీడించారనీ రాశాడు. తెలుగు తీరం దీనికి సాక్ష్యం. 1611లో మచిలీపట్నంలో వర్తకానికి దిగిన ఇంగ్లీషు కంపెనీ 1760ల నాటికి ఉత్తర సర్కారులకు యజమాని అయింది.

ఇచ్చిన మాట: మూడు ఉదాహరణలు

కర్తవ్యాలలో తేలిగ్గా గుర్తించగలిగేది ఒప్పందానికి కట్టుబడటం. 1969 నాటి ఒడంబడికల చట్టంపై వియన్నా ఒడంబడిక 26వ అధికరణం దీన్ని ఒక్క ముక్కలో శాసించింది: అమల్లో ఉన్న ఒడంబడికను పక్షాలు సద్బుద్ధితో పాటించాలి.

మొదటి ఉదాహరణ బెల్జియం. 1839 లండన్ ఒడంబడిక కింద బ్రిటన్, ఫ్రాన్స్, ఆస్ట్రియా, ప్రష్యా, రష్యా ఆ దేశపు తటస్థతకు హామీ ఇచ్చాయి. 1914 ఆగస్టు 4న జర్మన్ సైన్యం సరిహద్దు దాటింది. అంతర్జాతీయ న్యాయాన్ని ఉల్లంఘిస్తున్నామని అదే రోజు జర్మన్ చాన్సలర్ బెత్‌మన్ హోల్వెగ్ పార్లమెంటులో ఒప్పుకున్నాడు. గత్యంతరం లేకనే అన్నాడు. ఆ సాయంత్రం బ్రిటిష్ రాయబారితో మాట్లాడుతూ ఆ ఒడంబడికను చిత్తుకాగితంగా తీసిపారేశాడు. బ్రిటన్ యుద్ధంలోకి దిగింది. అయితే అది మాట కోసం దిగిందా, ఇంగ్లిష్ చానల్‌కు ఎదురుగా బలమైన శత్రువు తిష్ఠ వేయకూడదనా? దుకాణదారు ప్రశ్న మళ్లీ వస్తుంది. ఇక్కడ కర్తవ్యమూ ప్రయోజనమూ ఒకే దారిన నడిచాయి కాబట్టి తేల్చడం కష్టం.

రెండవది 1948 జనవరి నాటి 55 కోట్ల రూపాయల వివాదం. దేశ విభజన లెక్కల్లో నగదు నిల్వల నుంచి పాకిస్తాన్ వాటా 75 కోట్లుగా తేలింది, 20 కోట్లు ముందే చెల్లించారు. కాశ్మీర్‌లో పోరాటం సాగుతుండగా మిగతా సొమ్ము ఇస్తే అది ఆయుధాలుగా మారి మన సైనికుల మీదికే వస్తుందని భారత మంత్రివర్గం దాన్ని ఆపింది. ఫలితం లెక్క వేస్తే ఆ వాదనలో బలముంది. కానీ ఒప్పుకున్న అప్పును తీర్చకపోవడం మాట తప్పడమేనని గాంధీ భావించాడు. ఢిల్లీలో మత సామరస్యం కోసం జనవరి 13న ఆయన నిరాహార దీక్ష మొదలుపెట్టాడు; 15న మంత్రివర్గం చెల్లింపుకు అంగీకరించింది. యుద్ధం మధ్యలో ఎదిరి పక్షానికి బాకీ తీర్చడం చరిత్రలో అరుదు. నష్టానికి సిద్ధపడి నిలుపుకున్న మాటకు ఇది ఉదాహరణ.

మూడవది ఇంకా నడుస్తున్న వివాదం. 1960 సెప్టెంబరు 19న కరాచీలో ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వంతో భారత్, పాకిస్తాన్‌ల మధ్య కుదిరిన సింధు జలాల ఒప్పందం 1965, 1971, 1999 సంఘర్షణలను తట్టుకుని నిలిచింది. కాశ్మీర్‌లోని పహల్గాంలో జరిగిన ఉగ్రవాద దాడి తరువాత 2025 ఏప్రిల్ 23న భారత్ దాన్ని నిలుపుదలలో ఉంచుతున్నట్టు ప్రకటించింది. ఏకపక్షంగా వైదొలగే వీలు ఒప్పందంలో లేదని ఒక వాదన. అవతలి పక్షం సరిహద్దు దాటిన ఉగ్రవాదాన్ని ఆపనప్పుడు, పరిస్థితులే మారిపోయినప్పుడు, మాట ఒక్కరి బాధ్యతగా మిగలదని మరో వాదన. రెండు వాదనలూ కర్తవ్య భాషలోనే సాగుతున్నాయి.

హాని చేయకపోవడం, కాపాడడం

నిరాయుధులను ఉద్దేశపూర్వకంగా చంపరాదన్న నిషేధం జెనీవా ఒడంబడికలకు (1949) మూలం. 1956లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం అమెరికా మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌కు గౌరవ పట్టా ఇవ్వబోతే తత్వవేత్త ఎలిజబెత్ ఆన్స్‌కమ్ వ్యతిరేకించింది. ట్రూమన్ వేయించిన హిరోషిమా, నాగసాకి అణుబాంబులు యుద్ధాన్ని త్వరగా ముగించాయన్నది ఆమెకు సమాధానంగా తోచలేదు. అమాయకులను సాధనంగా చేసి చంపడం హత్యేనన్నది ఆమె వాదం. అణ్వస్త్ర నిరోధం ఇప్పటికీ ఈ నీతికి కొరకరాని కొయ్యే. భారత్ 2003లో ప్రకటించిన విధానం తాను ముందు ప్రయోగించనని మాట ఇస్తుంది. తనపై ప్రయోగిస్తే భారీగా బదులిస్తాననీ అంటుంది. మొదటి సగం కర్తవ్యవాదికి నచ్చుతుంది, రెండవ సగం నచ్చదు.

కాపాడవలసిన బాధ్యత దగ్గర కథ మారుతుంది. 1994లో రువాండాలో సుమారు 100 రోజుల్లో 8 లక్షల మంది వరకు హతమయ్యారు. హననం జరుగుతుండగానే భద్రతా మండలి అక్కడి శాంతి దళాన్ని 270 మందికి కుదించింది. 'జాతి సంహారం' అన్న మాట వాడితే ఏదో ఒకటి చేయక తప్పదని అమెరికా అధికారులు ఆ మాట పలకడానికే వెనుకాడారు. కర్తవ్యానికి బరువు లేకపోతే ఆ మాటకు అంత భయపడే పని లేదు. 2005 ప్రపంచ శిఖరాగ్ర సమావేశం 'రక్షించే బాధ్యత' అన్న సూత్రాన్ని ఆమోదించింది. 2007లో అంతర్జాతీయ న్యాయస్థానం బోస్నియాలోని స్రెబ్రెనిత్సా ఊచకోత కేసులో సెర్బియా స్వయంగా జాతి సంహారం చేయకపోయినా దాన్ని నివారించే బాధ్యతలో విఫలమైందని తీర్పు చెప్పింది. ఆపగలిగావా అని కాక, ఆపడానికి చేతనైనదంతా చేశావా అని చూడాలన్నది ఆ తీర్పు సారాంశం.

ఈ బాధ్యతను మోసేదెవరన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. 2011లో లిబియాలో పౌరులను కాపాడేందుకు అనుమతించిన చర్య ప్రభుత్వం కూలడంతో ముగిసింది. ఆ తీర్మానంపై భారత్, చైనా, రష్యా, బ్రెజిల్, జర్మనీ వోటింగుకు దూరంగా ఉన్నాయి. తరువాతి సంక్షోభాల్లో చాలా దేశాలు ఆ సూత్రాన్నే అనుమానంగా చూశాయి. ఆర్థిక సహాయానిదీ ఇదే తీరు. సంపన్న దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతాన్ని సహాయానికి కేటాయించాలని ఐక్యరాజ్యసమితి 1970లో లక్ష్యం పెట్టింది. స్వీడన్, నార్వే, డెన్మార్క్, లక్సెంబర్గ్ వంటి కొద్ది దేశాలే దాన్ని చాలాకాలం పాటు అందుకోగలిగాయి.

భారత అనుభవం

రాజ్యాంగం 51వ అధికరణం అంతర్జాతీయ శాంతిని పెంపొందించడం, దేశాల మధ్య న్యాయమైన, గౌరవప్రదమైన సంబంధాలు నెరపడం, అంతర్జాతీయ న్యాయాన్ని, ఒడంబడికలను గౌరవించడం, వివాదాలను మధ్యవర్తిత్వంతో పరిష్కరించుకోవడాన్ని ప్రోత్సహించడం రాజ్యం విధులుగా పేర్కొంది. ఇది ఆదేశిక సూత్రం. 37వ అధికరణం ప్రకారం కోర్టుల ద్వారా అమలు చేయించలేం.

దక్షిణాఫ్రికా పట్ల అనుసరించిన విధానం ఈ నీతికి భారత్ చూపిన గట్టి ఉదాహరణ. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన 'ట్రూరో' ఓడతో మొదలుపెట్టి తమిళులు, తెలుగువారు చెరకు తోటల్లో కూలీలుగా వెళ్లారు. వారి వారసులు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. 1946లో భారతీయుల భూమి హక్కులను కత్తిరించే చట్టం రాగానే, స్వాతంత్ర్యానికి ముందే, భారత్ ఆ దేశంతో వ్యాపారం తెంచుకుంది. ఎగుమతుల్లో సుమారు 5 శాతం అటు వెళ్తున్న రోజులవి. విజయలక్ష్మీ పండిట్ ఆ విషయాన్ని ఐక్యరాజ్యసమితి ముందు పెట్టింది. మొదట మనవాళ్ల కోసం మొదలైన ఫిర్యాదు 1952 నాటికి వర్ణ వివక్ష మొత్తానికీ వ్యతిరేకమైంది. 1974లో డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్‌కు చేరిన భారత జట్టు ప్రత్యర్థి దక్షిణాఫ్రికా అని ఆడకుండా కప్పునే వదులుకుంది. దౌత్య సంబంధాలు 1993లో గాని కుదరలేదు.

భారత్ ఈ కొలతను అన్నిచోట్లా ఒకేలా వాడలేదు. 1956లో ఈజిప్టుపై బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ దాడిని భారత్ తీవ్రంగా ఖండించింది. అదే వారంలో సోవియట్ సైన్యం బుడాపెస్ట్‌లో ప్రవేశిస్తే మెత్తగా మాట్లాడింది. హంగరీలో స్వేచ్ఛగా ఎన్నికలు జరగాలన్న తీర్మానానికి వ్యతిరేకంగా వోటు వేసింది. అందరికీ ఒకే సూత్రం అన్న కాంట్ పరీక్షలో నెహ్రూ ప్రభుత్వానికి తగిలిన పెద్ద విమర్శ ఇదే.

1954 ఏప్రిల్ 29న చైనాతో కుదిరిన టిబెట్ వాణిజ్య ఒప్పందం ముందుమాటలో చేరిన పంచశీల సూత్రాలు పూర్తిగా కర్తవ్య భాషలో ఉన్నాయి: పరస్పర సార్వభౌమత్వ గౌరవం, దురాక్రమణకు దిగకపోవడం, జోక్యం చేసుకోకపోవడం, సమానత్వం, శాంతియుత సహజీవనం. ఎనిమిదేళ్ల గడువు 1962లో తీరింది. అదే ఏడాది అక్టోబరులో యుద్ధం వచ్చింది. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో సాగిన ఊచకోత నుంచి సుమారు కోటి మంది శరణార్థులు సరిహద్దు దాటి రాగా, భారత్ సైనిక చర్యకు దిగింది. డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 104 దేశాలు కాల్పుల విరమణ కోరగా 11 మాత్రమే వ్యతిరేకించాయి. జోక్యం చేసుకోరాదన్న కర్తవ్యం, ఊచకోతను ఆపాలన్న కర్తవ్యం ఎదురెదురుగా నిలిచిన సందర్భమిది. పాకిస్తాన్‌ను బలహీనపరచే ప్రయోజనమూ అందులో కలిసి ఉంది.

పి.వి. నరసింహారావు హయాంలో ఇదే ఘర్షణ మయన్మార్ విషయంలో కనిపించింది. నిర్బంధంలో ఉన్న ఆంగ్ సాన్ సూకీకి 1993 సంవత్సరపు నెహ్రూ అవార్డు ప్రకటించిన ప్రభుత్వమే, ఈశాన్య సరిహద్దు భద్రత కోసం అక్కడి సైనిక పాలకులతోనూ చేతులు కలిపింది.

విమర్శలు

గ్రీకు చరిత్రకారుడు థూసిడిడీస్ వర్ణించిన, ఏథెన్స్ సేన చిన్న ద్వీపమైన మెలోస్‌ను లొంగమన్న ఘట్టం (క్రీ.పూ. 416) నుంచి హాన్స్ మోర్గెంతో (1948) వరకు వాస్తవికవాదుల ఆక్షేపణ ఒక్కటే: పైన పోలీసు లేని లోకంలో నీతి పాటించినవాడు నష్టపోతాడు. పాలకుడు ప్రజల సొత్తుకు ధర్మకర్త, తన అంతరాత్మ కోసం వారి భద్రతను పణం పెట్టే హక్కు అతనికి లేదని వీరంటారు. గమనించదగినదేమంటే ఈ వాదన కూడా ఒక కర్తవ్యం మీదే, పౌరుల పట్ల పాలకుడి కర్తవ్యం మీదే నిలిచింది. 1919లో మ్యూనిక్ ఉపన్యాసంలో మాక్స్ వెబర్ విశ్వాస నీతికీ, ఫలితాల బాధ్యత వహించే నీతికీ మధ్య తేడా చూపి, రాజకీయవేత్తకు రెండూ అవసరమన్నాడు.

మరో విమర్శ ఇంకా పదునైనది. కర్తవ్యం పేరుతోనే వలస రాజ్యాలు నాగరికత నేర్పే భారాన్ని నెత్తికెత్తుకున్నామని చెప్పుకున్నాయి. 1997లో బ్రిటిష్ విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ తమ విధానానికి నైతిక కోణం ఉంటుందని ప్రకటించాడు. తూర్పు తిమోర్‌ను అణచివేస్తున్న ఇండోనేషియాకు హాక్ విమానాల సరఫరా మాత్రం వెంటనే ఆగలేదు. అదే కుక్ 2003లో ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ పదవి వదులుకున్నాడు. ప్రభుత్వం మోయలేని మాటను ఒక మనిషి మోశాడు.

అంచనా

చరిత్రలో నిషేధ రూపంలో ఉన్న కర్తవ్యాలే ఎక్కువ నిలకడగా పనిచేశాయి. దూతను తాకకపోవడం, విషవాయువులు వాడకపోవడం, ఒడంబడిక పాటించడం వంటివి ఉల్లంఘనకు గురైనప్పుడు కూడా ఉల్లంఘించినవాడు సాకు వెతుక్కోవలసి వస్తుంది. 1914లో జర్మన్ చాన్సలర్ చేసింది అదే. చేయవలసిన కర్తవ్యాలు మాత్రం ఫలానా దేశం, ఫలానా వాటా అని తేలే వరకు ప్రకటనలుగానే ఉండిపోతున్నాయి.

కాంట్ తన శాంతి గ్రంథం చివర మరో పరీక్ష సూచించాడు. ఇతరుల హక్కులను తాకే చర్య ఏదైనా, దాని వెనుక ఉన్న సూత్రాన్ని బహిరంగంగా చెప్పుకోలేకపోతే, అది అన్యాయమైనదే. కోర్టు అమలు చేయించలేని 51వ అధికరణానికి మిగిలిన కాపలా కూడా ఈ బహిరంగతే: పార్లమెంటులో వేసే ప్రశ్న, పత్రికల్లో జరిగే చర్చ. ఆ కొలతకు అశోకుడు సగమే నిలుస్తాడు. కళింగలో తాను చేసిన సంహారాన్ని ఎర్రగుడి బండ మీద ఒప్పుకున్న చక్రవర్తి, ఆ కళింగలోనే ఉన్న ధౌళి, జౌగడ శిలల మీద 13వ శాసనాన్ని చెక్కించలేదు. దాని స్థానంలో అధికారులు ప్రజలను బిడ్డల్లా చూసుకోవాలన్న వేరే ఆదేశాలు ఉన్నాయి.